మాంటెరీలో తిమింగలాల బోటెక్కే ముందు

కాలిఫోర్నియాలోని మాంటెరీ బేకి బోటు టికెట్లు కొన్నవాళ్లలో చాలామందికి ఒకటే బెంగ: తిమింగలం కనపడుతుందా, కనపడదా? ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఆ బెంగ పెద్దగా అక్కర్లేదు. ఆ నెలల్లో హంప్‌బ్యాక్ అనే రకం తిమింగలాన్ని చూడకుండా తిరిగొచ్చే బోట్లు తక్కువే. డబ్బు దండగయ్యే దారులు వేరే ఉన్నాయి. తిమింగలం పక్కనే తేలినప్పుడు రైలింగు పట్టుకుని వాంతి చేసుకోవడం ఒకటి. చలికి వణుకుతూ కేబిన్‌లో ముడుచుకు కూర్చోవడం ఇంకొకటి. ఈ రెండూ ముందురోజు సాయంత్రం మన ఇంట్లోనే తేలిపోతాయి.

ఎండాకాలం వస్తే బే ఏరియా తెలుగువాళ్ల ఇళ్లకి ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు. గోల్డెన్ గేట్, లివర్‌మోర్ గుడి, యోసెమిటీ అయ్యాక తర్వాతి వంతు మాంటెరీదే. అందుకే అరవై దాటిన ఇద్దరు పెద్దవాళ్లు, ఒకరిద్దరు పిల్లలు ఉన్న కుటుంబాన్ని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కుర్రాళ్లు నలుగురే వెళ్తుంటే సగం వదిలేయొచ్చు, మాత్రల సంగతి తప్ప.

ముందు అక్కడి గాలి సంగతి తెలియాలి. మాస్ లాండింగ్ రేవు ముందు నుంచే సముద్రం అడుగున ఒక లోయ మొదలవుతుంది. దాని పేరు మాంటెరీ కాన్యన్. పోనుపోను 3,600 మీటర్ల లోతుకి దిగుతుంది. వసంతంలో, ఎండాకాలంలో వాయవ్యం నుంచి వీచే గాలి పైనీటిని ఒడ్డుకు దూరంగా తోసేస్తుంటే, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. పొలానికి ఎరువెలాగో సముద్రానికి ఆ నీరు అలాగ. దాంతో నాచు పెరుగుతుంది, దాన్ని తిని చిట్టి రొయ్యల్లాంటి క్రిల్, ఆంకోవీ చేపలు పెరుగుతాయి, వాటికోసం తిమింగలాలొస్తాయి. అంటే తిమింగలాలకి మేత పెట్టేదీ, మనకి కడుపు తిప్పేదీ, జూలైలో స్వెట్టర్ వేయించేదీ ఆ ఒక్క గాలే. దాన్ని తప్పించుకోలేం, అది మెత్తగా ఉండే పూట చూసుకోవడమే.

ఆ పూట పొద్దునే. మధ్యాహ్నానికి సాలినాస్ లోయ వేడెక్కి సముద్రపు గాలిని లోపలికి లాగుతుంది. పదకొండు దాటాక నీటి మీద తెల్ల నురగలు లేస్తాయి. ఒకే రోజున, ఒకే బోటులో, పొద్దున తొమ్మిదింటి ట్రిప్పుకీ మధ్యాహ్నం రెండింటి ట్రిప్పుకీ పోలికే ఉండదు. కాబట్టి ఉదయం బోటే తీసుకోండి. "పెద్దవాళ్లు అంత పొద్దున్నే లేవలేరు" అన్న సాకు పనిచెయ్యదు, జెట్‌లాగ్‌తో వాళ్లు నాలుగింటికే లేచి కాఫీ పెట్టుకుని కూర్చుంటారు. శాన్ హోసే నుంచి మాంటెరీ సుమారు 75 మైళ్లు. శని, ఆదివారాల్లో హైవే 101 దిగి 156 మీద కాస్ట్రోవిల్ వైపు పోయే చోట బండ్లు బారులు తీరతాయి. తొమ్మిదింటి బోటుకి ఆరుంబావుకల్లా ఇంట్లోంచి బయల్దేరితే పార్కింగ్ వెతుక్కోవడానికీ, ఒడ్డున బాత్రూముకి వెళ్లడానికీ సమయం మిగులుతుంది. బోటులో ఉండే బాత్రూము మన ఆర్టీసీ బస్సు సీటంత వెడల్పు. సముద్రం ఊగుతుండగా అందులోకి వెళ్లిన మనిషి ఎలా వెళ్లాడో అలా తిరిగి రాడు.

ఏ నెలలో ఏం కనపడతాయన్నది కూడా ముందే చూసుకోవాలి. డిసెంబరు నడుమ నుంచి గ్రే తిమింగలాలు ఆర్కిటిక్ నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా వైపు దిగుతాయి, ఫిబ్రవరి నుంచి మే దాకా తిరిగి ఉత్తరానికి పోతాయి. ఇవి ఒడ్డు వెంటే నడుస్తాయి కాబట్టి చలికాలం ట్రిప్పులు పొట్టివి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో పోతున్న గ్రే తిమింగలాలను వేటాడటానికి ఓర్కాలు (కిల్లర్ వేల్స్) కాన్యన్ అంచుల్లో కాపు కాస్తాయి. హంప్‌బ్యాక్‌లు వసంతంలో వచ్చి నవంబరు దాకా ఉంటాయి. నీలి తిమింగలాలు జూలై నుంచి అక్టోబరు దాకా ఉండొచ్చు. ఒక ఏడాది బాగా కనపడతాయి, మరో ఏడాది అసలు ఉండవు, వాటిని నమ్ముకుని మాత్రం టికెట్ కొనొద్దు. బోట్ల కంపెనీలు ఏ రోజు ఏం చూశారో తమ సైట్లలో రాస్తుంటాయి. గత నాలుగు రోజుల జాబితా చూస్తే చాలు.

టికెట్ ఎప్పుడూ మాంటెరీ ట్రిప్పులో మొదటి రోజుకే కొనండి. గాలి ఎక్కువై కెప్టెన్ బోటు రద్దు చేస్తే మర్నాడు ఇంకో అవకాశం ఉంటుంది. రద్దయితే డబ్బులు తిరిగిస్తారు. మనకి కడుపులో తిప్పితే ఇవ్వరు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు గాలి నింపిన రబ్బరు పడవల జోలికి పోవద్దు, అవి అలల మీద ఎగిరెగిరి పడతాయి, నడుము నొప్పి ఉన్నవాళ్లకి నరకం. పెద్ద బోటు కావాలి. రెండు పొట్టలుండే కెటమెరాన్ అయితే పక్కలకి ఊగడం తక్కువ. ఇంకో చిన్న సంగతి: పోటు, పాటుల్ని బట్టి తేలే రేవుకి దిగే వాలు మారుతుంది. పాటు సమయంలో ఆ వాలు బాగా నిటారుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి అది బోటు కంటే పెద్ద పరీక్ష. ఫోన్ చేసి అడిగితే చెబుతారు.

ఇక ముందురోజు రాత్రి చూడాల్సిన వాతావరణం. ఫోన్‌లో మామూలు వెదర్ యాప్ ఊరి సంగతి చెబుతుంది, సముద్రం సంగతి చెప్పదు. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్లు మాంటెరీ బే సముద్ర జలాలకి విడిగా సూచన ఇస్తారు. అందులో మూడంకెలు చూడాలి. మొదటిది గాలి, నాట్లలో. ఒక నాటు అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. పది లోపు ఉంటే హాయి. పది నుంచి పదిహేను ఉంటే నురగలు మొదలవుతాయి, జాకెట్ తడుస్తుంది. ఇరవై దాటుతుందంటే చిన్న పడవలకి హెచ్చరిక వస్తుంది, టికెట్ మార్చుకోవడం మంచిది. రెండోది అల ఎత్తు, అడుగుల్లో. మూడోది, జనం వదిలేసేది, అలకీ అలకీ మధ్య సెకన్లు.

ఎత్తొక్కటే చూసి భయపడటం, ఎత్తొక్కటే చూసి ధైర్యపడటం రెండూ పొరపాటే. ఆరడుగుల అల పద్నాలుగు సెకన్లకోసారి వస్తే ఊయలలా పైకెత్తి మెల్లగా దించుతుంది. అదే ఆరడుగుల అల ఆరేడు సెకన్లకోసారి వస్తే రోట్లో పప్పు రుబ్బినట్టు రుబ్బుతుంది. సెకన్ల అంకె అడుగుల అంకెకి రెట్టింపు గానీ అంతకు పైన గానీ ఉంటే పెద్దవాళ్లతో బయల్దేరొచ్చు. రెండంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే వద్దు. దీనికో కారణముంది. మనిషిని అన్నిటికంటే ఎక్కువ తిప్పేది సుమారు అయిదారు సెకన్లకోసారి పైకీ కిందకీ జరిగే ఊపు. మాంటెరీ ఎండాకాలపు గాలి అల సరిగ్గా దానికి దగ్గర్లో ఉంటుంది. చలికాలంలో తుఫానుల మధ్య రోజుల్లో అలలు ఎత్తుగా ఉన్నా ఎడం ఎక్కువ కాబట్టి చాలాసార్లు అప్పుడే హాయిగా ఉంటుంది. పొద్దున లేవగానే 46042 నంబరు బోయా లెక్క కూడా చూడండి, అది మాంటెరీకి పడమరగా నడిసముద్రంలో తేలుతూ ఆ గంట సముద్రం ఎలా ఉందో చెబుతుంది. బే లోపల అంతకంటే తగ్గే ఉంటుంది.

మాత్రల సంగతి. "నాకు బస్సులో ఎప్పుడూ కడుపులో తిప్పలేదు, నాకేం కాదు" అనే నాన్నలే ముందు పడతారు. బస్సుకీ సముద్రానికీ సంబంధం లేదు. లోపలి చెవి ఊగుతున్నామంటుంది, కళ్లు ఎదురుగా ఉన్న బల్లని చూసి కదలడం లేదంటాయి, ఆ తగువు కడుపు మీద పడుతుంది. మాత్ర ఆ తగువు మొదలవ్వకముందే లోపల ఉండాలి. తిప్పడం మొదలయ్యాక కడుపు తన పని ఆపేస్తుంది, మింగిన మాత్ర అక్కడే కూర్చుంటుంది, తర్వాత బయటికొస్తుంది.

అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా ఎక్కువగా దొరికేవి రెండు: మెక్లిజైన్ 25 మిల్లీగ్రాములు, డైమెన్‌హైడ్రినేట్ 50 మిల్లీగ్రాములు. మెక్లిజైన్‌కి మత్తు తక్కువ, రోజుకి ఒకటో రెండో చాలు. ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు ఒకటి, పొద్దున బోటుకి గంట ముందు ఒకటి. ఇది పన్నెండేళ్లు దాటినవాళ్లకి. కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి, ఎందుకంటే డ్రామమైన్ అన్న ఒక్క పేరు మీదే మూడు రకాలు అమ్ముతారు. మామూలుది డైమెన్‌హైడ్రినేట్, మత్తు తక్కువ అని రాసింది మెక్లిజైన్, మత్తు లేనిదని రాసింది ఉత్త అల్లం. అల్లం డబ్బా కొని "మాత్ర వేసుకున్నా పనిచెయ్యలేదు" అనుకునేవాళ్లు బోలెడు. రెండేళ్ల లోపు పిల్లలకి ఇవేవీ వద్దు, పైవాళ్లకి పిల్లల డబ్బా మీద వయసు ప్రకారం రాసుంటుంది. కొందరు పిల్లలకి మత్తుకి బదులు రెట్టింపు హుషారొస్తుంది. ముందు వారం ఇంట్లో ఒకసారి వేసి చూస్తే ఆ గుట్టు తెలిసిపోతుంది.

అమ్మానాన్నల సంచీలో ఇండియా నుంచి తెచ్చిన అవోమిన్ ఎలాగూ ఉంటుంది. అది పనిచేస్తుంది, మత్తు మాత్రం బాగా ఎక్కుతుంది. అది వేసుకున్నవాళ్లకి మళ్లీ మెక్లిజైన్ ఇవ్వొద్దు, రెండూ ఒకే కోవవి. ఎలర్జీకి రోజూ సిట్రిజిన్ వేసుకునేవాళ్లకీ ఇదే జాగ్రత్త. గ్లాకోమా, ప్రోస్టేట్ వాపు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వీటిలో ఏదీ వేసుకోకూడదు. అరవై దాటిన మగవాళ్లలో ప్రోస్టేట్ సంగతి నోరు విప్పి చెప్పేవాళ్లు తక్కువ, మీరే అడగండి. చెవి వెనక అంటించే స్కోపలమిన్ పట్టీకి చీటీ కావాలి. కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, మూడు రోజులు పనిచేస్తుంది. అంటించాక చేతులు కడుక్కోకుండా కన్ను నలిపితే కంటిపాప పెద్దదై చూపు మసకేస్తుంది.

ఖాళీ కడుపుతో వెళ్తే మేలని చాలామంది అనుకుంటారు. అది తప్పు, ఖాళీ కడుపు ఇంకా తొందరగా తిప్పుతుంది. రెండు గంటల ముందు రెండిడ్లీలో, చిన్న కప్పు ఉప్మానో. పూరీలు, వడలు, నెయ్యి కారే పొంగలి వద్దు. కాఫీ సగం గ్లాసు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు భయంతో టిఫిన్ మానేసి మందు మాత్రం వేసుకుంటే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. ఆ కళ్లు తిరగడం, సముద్రపు కళ్లు తిరగడం పైకి ఒకేలా కనపడతాయి. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉంచండి. బోటు మీదికి ఉప్పు బిస్కెట్లు, అల్లం మురబ్బా, మనిషికో నీళ్ల సీసా చాలు. పులిహోర డబ్బా, ముఖ్యంగా ఆవకాయ కలిపిన పెరుగన్నం, కారులోనే ఉండనివ్వండి. మూసిన కేబిన్‌లో ఆ మూత తీస్తే, అప్పటిదాకా గుక్కపట్టుకుని కూర్చున్న పక్కవాళ్లకి అదే ఆఖరి దెబ్బ.

బట్టల దగ్గర ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. అక్కడి నీరు ఎండాకాలంలో కూడా 12 నుంచి 15 డిగ్రీలు. దాని మీది గాలీ ఇంచుమించు అంతే, పైగా బోటు వేగం. శాన్ హోసేలో 32 ఉందని నూలు చొక్కాతో బయల్దేరితే అరగంటలో పళ్లు కొట్టుకుంటాయి. నూలు తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుని వేడి లాగేస్తుంది. లోపల థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన గాలీ నీరూ చొరని జాకెట్. మూడు పొరలు. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, ఎందుకంటే నాలుగు గంటలు పట్టుకునేది ఇనప రైలింగు. ఇండియాలో అందరూ నవ్వే మంకీ క్యాప్‌కి ఇక్కడ గౌరవం దక్కుతుంది.

అమ్మ చీరే కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి, కొంచెం సవరిస్తే సరిపోతుంది. లోపల థర్మల్ లెగ్గింగ్స్, సాక్సులు. కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండేలా ఎత్తి కట్టాలి. పైట చుట్టూ తిప్పి బొడ్లో దోపి, దాని మీద జాకెట్ జిప్పు గొంతు దాకా లాగాలి. వదులుగా వదిలిన పైట గాలికి తెరచాప అవుతుంది. పైడెక్ మెట్లు నిచ్చెనలా ఉంటాయి, చీరతో అవి ఎక్కనివ్వకండి. చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న మూసిన బూట్లే. కళ్లద్దాలకి తాడు కట్టండి. రైలింగు మీదికి వంగినప్పుడు నీళ్లలోకి జారిన కళ్లద్దాలు ఇక దొరకవు, కొత్తవి చేయించేదాకా నాన్న మిగతా ట్రిప్పంతా మసకే. మబ్బుగా ఉన్నా సన్‌స్క్రీన్ రాసుకోవాలి, నీటి మీంచి తిరిగొచ్చే ఎండ కింది నుంచి కాలుస్తుంది.

బోటెక్కగానే అందరూ ముందుకి పరిగెడతారు. మన జాలర్లు అణియం అనే ఆ కొస బాగా లేచి పడుతుంది. పెద్దవాళ్లని నడుమ భాగంలో, కాస్త వెనక్కి, కింది డెక్ మీద, బయటి గాలి తగిలేచోట కూర్చోబెట్టండి. మరీ అమరం, అంటే వెనక కొసకి పోతే డీజిల్ పొగ. కేబిన్‌లోకి పంపొద్దు, ఫోన్ చూడనివ్వొద్దు, దూరంగా నీరూ ఆకాశం కలిసే గీతని చూస్తుండమనండి.

అసలు గండం బోటు పరిగెడుతున్నప్పుడు రాదు, ఆగినప్పుడు వస్తుంది. ఇది చాలామంది ఊహించరు. వేగంగా పోతున్న బోటు అలని కోసుకుంటూ నిలకడగా ఉంటుంది. తిమింగలం కనపడగానే కెప్టెన్ ఇంజను తగ్గిస్తాడు, వంద గజాల దూరంలో ఆపుతాడు. ఆగిన బోటు మెల్లగా అలకి అడ్డం తిరిగి పక్కలకి ఊగుతుంది. అదే సమయంలో అందరూ కెమెరా తెరలోకి తల దూర్చుతారు. అక్కడ పట్టుకుంటుంది. అందుకే ఆగిన మొదటి అయిదు నిమిషాలు కెమెరా దించి, కళ్లతోనే చూడండి. ఒంట్లో చల్లచెమట, ఊరికే ఆవలింతలు, నోట్లో ఉమ్మి ఊరడం మొదలైతే దాచుకోకుండా చెప్పాలి. వాంతి వస్తే బాత్రూముకి కాదు, గాలి వీపుకి తగిలే వైపు రైలింగు దగ్గరికి. గాలికి ఎదురుగా వంగితే అది తిరిగొచ్చి పక్కవాళ్లందరికీ చెందుతుంది.

సిబ్బంది "మూడు గంటల దగ్గర!" అని కేకేస్తే టైము చెబుతున్నారనుకుంటారు పెద్దవాళ్లు. ముందే చెప్పి ఉంచండి: బోటు ముక్కు పన్నెండు, కుడిపక్క మూడు, వెనక ఆరు, ఎడమపక్క తొమ్మిది. కళ్లకి ముందు కనపడేది తిమింగలం ఊపిరి. హంప్‌బ్యాక్‌ది గుబురుగా, గ్రే తిమింగలానిది వెనక నుంచి చూస్తే హృదయాకారంలో, నీలి తిమింగలానిది తొమ్మిది మీటర్ల ఎత్తున సన్నటి స్తంభంలా. హంప్‌బ్యాక్ పొడవు 12 నుంచి 15 మీటర్లు, ఆర్టీసీ బస్సుని మించినది, కానీ ఒకేసారి మొత్తం కనపడదు. నాలుగైదుసార్లు ఊపిరి తీసుకుంటుంది, ఆఖరిసారి వీపు బాగా విల్లులా వంచుతుంది. ఆ వంపు చూడగానే కెమెరా ఎత్తాలి, తర్వాత లేచేది తోక. మునిగిన చోట నీటి మీద నూనె పోసినట్టు నున్నటి మచ్చ మిగులుతుంది. గడియారం చూసుకోండి, మళ్లీ తేలడానికి అయిదు నుంచి పది నిమిషాలు. ఒకసారి లెక్క దొరికితే అదే తిమింగలం తర్వాతిసారీ ఇంచుమించు అంతే తీసుకుంటుంది. ఆ విరామంలో బిస్కెట్ తినొచ్చు.

ఒకచోట పక్షులు గుంపుగా ముసిరి, సీ లయన్లు ఎగిరెగిరి పడుతుంటే అటే చూస్తుండండి. నీరు అన్నం ఎసరులా కుతకుతమంటుంది. అవి తప్పించుకోవాలని పైకి దూకుతున్న ఆంకోవీలు. మరుక్షణం ఆ ఎసరు మధ్యలోంచి నోళ్లు తెరుచుకుని రెండు మూడు హంప్‌బ్యాక్‌లు లేస్తాయి. గాలి అటునుంచి వీస్తే ఆ ఊపిరి వాసన కూడా వస్తుంది, కుళ్లిన చేపా క్యాబేజీ కలిపినట్టు.

బైనాక్యులర్ 7x50 గానీ 8x42 గానీ తీసుకెళ్లండి, పది రెట్లు దాటితే ఊగే బోటు మీద బొమ్మ నిలవదు. కెమెరాకి 300 మిల్లీమీటర్ల దాకా లాగే జూమ్ లెన్స్, షట్టర్ సెకనులో వెయ్యో వంతు లేదా ఇంకా వేగం, ఆగకుండా తీసే బర్స్ట్. ఫోన్ అయితే జూమ్ మరీ లాగకుండా వీడియో తీసి తర్వాత ముక్కలు కత్తిరించుకోవడం నయం. తోక అడుగు భాగం స్పష్టంగా పడిన ఫొటో ఒక్కటున్నా పారేయొద్దు. ఆ నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి. హ్యాపీవేల్ సైట్లో తేదీ, చోటు రాసి ఎక్కిస్తే ఆ తిమింగలం ఏదో పోల్చి చెబుతారు. చలికాలంలో అది మెక్సికో దగ్గర ఎవరికైనా కనపడితే మీకు మెయిల్ వస్తుంది. ఈలోగా అమ్మానాన్నలు ఇండియా వెళ్లిపోయినా, "మనం చూసినదే" అని ఫోన్‌లో చెప్పుకోవచ్చు.

ఒడ్డుకి దిగాక గంటా రెండు గంటలు నేల ఊగుతున్నట్టే ఉంటుంది, వాలు దాటేదాకా పెద్దవాళ్ల చెయ్యి వదలొద్దు. మత్తు మాత్ర వేసుకున్నవాళ్లు స్టీరింగు పట్టుకోకూడదు కాబట్టి తిరిగొచ్చేటప్పుడు నడిపేదెవరో ముందురోజే తేల్చుకోండి. ఆ మనిషికి మెక్లిజైన్ వేసినా మత్తు వస్తుందో లేదో ముందే తెలిసి ఉండాలి. పులిహోర డబ్బా ఇప్పుడు తీయొచ్చు. కానీ రేవు పక్క బెంచీల మీద వద్దు. అక్కడి సీగల్స్ చేతిలో ముద్దని నోటి దాకా రానివ్వవు. కారులో కూర్చుని అద్దాలెత్తుకుని తినండి.